బీరువాలో భూతద్దం

"మిత్రమా! ఈ భూమ్మీద మెదళ్ళు రెండే రకాలు. ఒకటి అందరికీ ఉండేది. రెండోది నాది."

ఈ ప్రకటన విని నేను తలెత్తలేదు. చిరిగిన పుస్తకాలకు జిగురు రాసుకుంటున్నాను. మా స్కూల్లో నేను లైబ్రేరియన్ని. ప్రకటన చేసినాయన సైన్సు ల్యాబు అసిస్టెంటు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. టీచర్లూ పిల్లలూ అందరూ భూతద్దం అనే అంటారు. ల్యాబులో ఉన్న ఒకే ఒక్క భూతద్దాన్ని పదకొండేళ్ళుగా తన జేబులో వేసుకు తిరుగుతున్నందుకు దక్కిన బిరుదు అది. దాంతో పూలరేకుల్నీ పురుగుల కాళ్ళనీ చూడాల్సిన పిల్లలు పుస్తకంలో బొమ్మలు చూసి సరిపెట్టుకుంటున్నారు.

ఆయన ఇంతవరకు ఛేదించిన కేసులు రెండు. మాయమైన బీకరు కేసులో ముగ్గురిని అనుమానించి, ఇద్దరిని ఏడిపించి, నాలుగో రోజున అదే బీకరులో టీ తాగుతూ నాకు దొరికిపోయారు. హెడ్‌మిస్ట్రెస్ మేడం కళ్ళజోడు కేసులో రెండు రోజులు అందరి సంచులూ వెతికారు. కళ్ళజోడు మేడం నెత్తిమీదే ఉందని అటెండరు చూపిస్తే, 'నేరస్థుడు నా ధాటికి జడిసి సొత్తు తిరిగి పెట్టేశాడు' అని డైరీలో రాసుకున్నారు.

"ఈసారి ఏం పోయింది?" అన్నాను.

"పోవడం కాదు, రావడం!" భూతద్దం బల్లమీదికి వంగి గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గిస్తే పక్క గదివాళ్ళకు మాత్రమే వినపడుతుంది. "పై అంతస్తులో నా స్టోరుగది ఉందా? దానికి తాళం ఉందా? తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"మీ దగ్గర."

"అయినా రోజూ మధ్యాహ్నం విరామంలో లోపలికి ఎవరో వస్తున్నారు. తాళం చూస్తే వేసింది వేసినట్టే ఉంటోంది! గోడలోంచి వచ్చి గోడలోంచి పోయే మనిషి, మిత్రమా. రక్తం గడ్డకట్టడం లేదూ?"

"జిగురు గడ్డకడుతోంది. పదండి, చూసొద్దాం."

మెట్లెక్కాలంటే హెడ్‌మిస్ట్రెస్ గది ముందునుంచే వెళ్ళాలి. అక్కడ గోడకు ఒక ఎర్ర పెట్టె ఉంది. పేరు 'మనసు విప్పే పెట్టె'. దానిపైన రంగుల పోస్టరు, 'మా స్కూల్లో అందరూ స్నేహితులే' అని. రెండేళ్ళ కిందట ఏర్పడిన విద్యార్థుల క్షేమ కమిటీ మొదటి ఘనకార్యం ఆ పెట్టె. తోటి పిల్లలు ఏడిపిస్తే, కొడితే, వెక్కిరిస్తే ఆ సంగతి చీటీమీద రాసి అందులో వెయ్యాలి. రహస్యంగా వెయ్యాలి. పెట్టెనేమో మంచినీళ్ళ కుళాయిలకు సరిగ్గా ఎదురుగా బిగించారు. విరామంలో అక్కడ కనీసం రెండు వందలమంది పిల్లలు నిలబడతారు. వాళ్ళందరి కళ్ళముందూ నడిచి వెళ్ళి రహస్యం చెప్పుకోవాలన్నమాట.

నెలకోసారి కమిటీ అధ్యక్షురాలు వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తనొక్కతే పెట్టె తెరిచి చూసి, సమావేశానికి వస్తుంది. ఆవిడ ఏడో తరగతిలో చదివే ఒక అమ్మాయి తల్లి. "ఈ నెల కూడా ఒక్క ఫిర్యాదు లేదు!" అంటుంది. చప్పట్లు. ఫిర్యాదు లేదంటే వేధింపు లేనట్టే కదా. టీ, బిస్కెట్లు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. బిస్కెట్లు బాగుండేవి.

స్టోరుగది ముందు భూతద్దం నాకు వీపు అడ్డం పెట్టి, తాళం తీసే రహస్యం నాకు కూడా తెలియకుండా జాగ్రత్తపడి, తలుపు తోశారు. లోపల కాళ్ళు విరిగిన బెంచీలు, సగం ఖండాలు చెరిగిపోయిన గ్లోబు, గోడకానుకుని మనిషెత్తు ప్లైవుడ్డు బీరువా. కిటికీ పక్కన ఒక బెంచీని మాత్రం ఎవరో శుభ్రంగా తుడిచారు.

ఆయన మోకాళ్ళమీద పాకుతూ నేలంతా పరీక్షించారు. "పెన్సిలు చెక్కిన తుక్కు! తిండి మెతుకులు! అంటే శత్రువు ఇక్కడ తింటాడు, రాస్తాడు. ఇదిగో అసలు ఆధారం!" బెంచీ సందులోంచి ఒక మడత కాగితం లాగి నా ముక్కు కింద పెట్టారు. "సంకేతభాష!"

కాగితంమీద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: ఆ-కులు / ఆకు-పచ్చగా / ఉండడానికి / కారణం / ప-త్రహరితం.

"ఇది ఏడో తరగతి సైన్సు పాఠం" అన్నాను.

"పైకి అలా కనపడాలి. అదే వాళ్ళ తెలివి. ఆకు అంటే ఏమిటి?"

"ఆకు."

"పత్రం! పత్రం అంటే?"

"ఆకు."

"ప్రశ్నపత్రం! ఇక పత్రహరితం. హరించడం అంటే దొంగిలించడం. పత్రం హరితం, అంటే పత్రం హరించబడింది! పరీక్షలకు ఇంకా పది రోజులే. ప్రశ్నపత్రాల లీకు, మిత్రమా! ఆకు కాదు, లీకు!"

"పదకొండేళ్ళుగా సైన్సు ల్యాబులో ఉన్నారు. పత్రహరితం అంటే ఆకుకి పచ్చరంగు ఇచ్చేదండీ."

"మామూలు మనిషికి అంతే" అన్నారు జాలిగా. "వెనక్కి తిప్పండి. 'సూర్యరశ్మి లేకపోతే పని జరగదు.' ఎవరీ సూర్యరశ్మి? ముఠా నాయకురాలు! టీచర్ల జాబితా మొత్తం చూశాను. ఆ పేరుతో ఎవరూ లేరు. చూశారా ఎంత జాగ్రత్తపడిందో!"

నేను ఆ కాగితాన్ని మళ్ళీ చూశాను. మాటల మధ్య ఎర్ర పెన్సిలుతో గీతలు. కొన్ని అక్షరాల కింద చుక్కలు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, నాలుక ఎక్కడ మొరాయిస్తుందో గుర్తులు పెట్టుకుని, మాట్లాడడం సాధన చేస్తున్న పిల్ల రాత అది. నాకు ఒక్కసారిగా ఒక మొహం గుర్తొచ్చింది.

స్కూలు తెరిచిన మొదటి నెలలో ఏడో తరగతి అమ్మాయి ఒకతి భోజనం డబ్బా పట్టుకుని లైబ్రరీ గుమ్మంలో నిలబడింది. "సా... సార్, ఇ-ఇక్కడ కూ-కూర్చుని తి..." అంది. నేను గోడమీద బోర్డు చూపించాను. 'లైబ్రరీలో తినరాదు.' "చదవడం రాదా?" అని కూడా అన్నాను. వెళ్ళిపోయింది. ఆ వాక్యాన్ని నేను పూర్తి చెయ్యనివ్వలేదు. భోజనాల గది ఉండగా ఈ పిల్ల లైబ్రరీకి ఎందుకొచ్చిందన్న ప్రశ్న కూడా నాకు పుట్టలేదు. ఇలాంటి నేను భూతద్దాన్ని చూసి నవ్వుతుంటాను.

"ఇది దొంగల పని కాదండీ" అన్నాను. "ఎవరో పిల్ల ఇక్కడ దాక్కుంటోంది. ఎందుకో కనుక్కుందాం."

"పిల్లలా? ఛ! నా స్థాయి కేసు కాదది. పిల్లలన్నాక దాక్కుంటారు, కొట్టుకుంటారు. రేపు మధ్యాహ్నం ఈ బీరువాలో కూర్చుని ముఠాను మొత్తం పట్టేస్తాను. మాటలు పట్టే యంత్రం కూడా ఒకటి చూసిపెట్టాను."

నేను అప్పుడే వెళ్ళి ఆ అమ్మాయిని వెతికి ఉండాలి. రేపు చూద్దాంలే అనుకున్నాను. రేపు కమిటీ వార్షిక సభ, హాల్లో కుర్చీలు వేయించే పని నాది. పిల్లల క్షేమం గురించిన సభ ఏర్పాట్లలో పడి ఒక పిల్ల క్షేమం వాయిదా వేశాను.

మర్నాడు మధ్యాహ్నం విరామం మొదలవగానే హాలు నిండింది. టీచర్లు, తల్లిదండ్రులు, మొత్తం అరవైమంది. హాలు సరిగ్గా స్టోరుగది కిందే ఉంటుంది. కొత్తగా తెప్పించిన స్పీకర్లు నాలుగు మూలలా పెట్టారు. అధ్యక్షురాలు ఉపన్యాసం కాగితాలు సర్దుకుంటూ లేచింది. చొక్కాకి తగిలించుకునే కాలర్ మైకు బల్లమీద ఉండాలి. లేదు.

"మైకేదీ?" అంది అటెండర్ని.

పెద్దవాడు, నెమ్మదస్థుడు. తత్తరపడ్డాడు. "ఇక్కడే పెట్టానమ్మా... ఇందాక ల్యాబు సారు..."

"ఏంటా నసుగుడు? నోట్లో నాలుక లేదా? మాట్లాడు! ఊఁ, మాట్లాడు!"

అటెండరు తలదించుకున్నాడు. మేం కుర్చీల్లో సర్దుకు కూర్చున్నాం. ఆవిడ క్షణంలో మొహంమీదికి చిరునవ్వు తెచ్చుకుని, మైకు లేకుండానే మొదలుపెట్టింది. "పిల్లల మనసులు పూలలాంటివి. మనల్ని చూసే వాళ్ళు నేర్చుకుంటారు. ఈ ఏడాది కూడా మన పెట్టెలో ఒక్క ఫిర్యాదూ..."

నాలుగు స్పీకర్లూ ఒకేసారి గురగురలాడాయి. తర్వాత బొంగురు గొంతు ఒకటి రహస్యంగా, హాలు దద్దరిల్లేలా పలికింది. "సమయం పన్నెండు యాభై. నేను బీరువాలో ఉన్నాను. ఈ సంగతి ప్రపంచంలో ఎవరికీ తెలియదు."

అరవైమందిమీ పైకి చూశాం.

నాకు అర్థమైంది. ఆ మహానుభావుడు మైకుని రికార్డరనుకుని జేబులో వేసుకుపోయాడు.

"తలుపు కదిలింది" అన్నాయి స్పీకర్లు. "శత్రువు ప్రవేశం. ఎత్తు నాలుగున్నర అడుగులు. రెండు జడలు. మారువేషం అయి ఉండాలి."

డబ్బా మూత తీసిన చప్పుడు. కాసేపటికి సన్నటి గొంతు, ఒక్కో మాటనీ జాగ్రత్తగా అడుగు వేసినట్టు చదవడం మొదలుపెట్టింది. "ఆ... ఆకులు... ఆకుపచ్చగా..."

హాల్లో ఎవరో నవ్వారు. హెడ్‌మిస్ట్రెస్ మేడం లేచి, "ఆ స్పీకర్లు కట్టెయ్..." అనబోయారు. అంతలో పైన తలుపు దభాలున తెరుచుకుంది. మూడు నాలుగు జతల బూట్ల చప్పుడు.

"ఏయ్ ప్రింటర్! ఇక్కడా నువ్వు దాక్కునేది?"

ఆ గొంతు వినగానే అధ్యక్షురాలి చేతిలో కాగితాలు కిందికి జారాయి. ఆవిడ కూతురి గొంతు అది. తరగతిలో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చుని, ప్రార్థనలో 'అందరినీ ప్రేమించుదాం' అని చదివే గొంతు.

"ప్రింటర్!" స్పీకర్లో భూతద్దం ఉత్సాహంగా ఊపిరి పీల్చారు. "ప్రశ్నపత్రాలు అచ్చు వేసే యంత్రం ఇక్కడే ఉందన్నమాట!"

"చదువు, ఆగావేం?" అంది కూతురు. "పేపర్ ఇరుక్కుందా?"

ఇంకో ఇద్దరి నవ్వులు. "వెనకనుంచి కొడితే వస్తుందే. మా ఇంట్లో ప్రింటర్‌కి అలాగే చేస్తారు."

దబ్. మళ్ళీ దబ్. పిల్ల వీపుమీద పడ్డ దెబ్బల చప్పుడు స్పీకర్లలో తలుపు బాదినట్టు వినిపించింది. హాల్లో ఇంకెవరూ నవ్వలేదు.

"న... నన్ను... వ..."

"నోట్లో నాలుక లేదా? మాట్లాడు! ఊఁ, మాట్లాడు!"

అవే మాటలు. అదే విరుపు. కాసేపటి కిందట అటెండరుకి తగిలిన వరసలోనే. తలలన్నీ అధ్యక్షురాలివైపు తిరిగాయి. అటెండరు మాత్రం పైకప్పునే చూస్తున్నాడు.

"అది మా అమ్మాయి గొంతు కాదు" అంది ఆవిడ.

స్పీకర్లు వెంటనే బదులిచ్చాయి. "వెళ్ళి కంప్లైంటు రాసుకో! మా అమ్మే కమిటీ పెద్ద. నువ్వు పెట్టెలో వేసిన మూడు చీటీలూ మా ఇంట్లో చించి పడేశాం. 'పిల్లల గొడవలు కమిటీ దాకా ఎందుకు, స్కూలు పరువు పోతుంది' అంది మా అమ్మ. వినపడిందా, ప్రింటర్?"

మూడు చీటీలు. ఆ పిల్ల రెండు వందలమంది కళ్ళముందు మూడుసార్లు నడిచి వెళ్ళి ఆ పెట్టెలో వేసింది. మేము మూడుసార్లు చప్పట్లు కొట్టాం.

డబ్బా నేలమీద పడిన చప్పుడు వినేసరికి నేను మెట్లమీద ఉన్నాను. నా వెనక హెడ్‌మిస్ట్రెస్ మేడం, ఆవిడ వెనక అటెండరు, ఆ వెనక సగం సభ. స్పీకర్లు మమ్మల్ని మెట్లదాకా తరుముతూనే ఉన్నాయి. "ఇదే సమయం! ముఠాను చుట్టుముడుతున్నాను! అరే... గడియ పడిందే. ఎవరది గడియ పెట్టింది? తలుపు... ఊఁ... ఊఁఁ..."

తర్వాత జరిగింది నేను గుమ్మంలోంచి చూశాను. భూతద్దం లోపలినుంచి తలుపుని భుజంతో గుద్దారు. తలుపు రాలేదు. రెండోసారి గుద్దారు. బీరువా మొత్తం మనిషిలా ముందుకు తూలింది. ఆడపిల్లలు నలుగురూ కేకపెట్టి కిటికీవైపు దూకారు. బీరువా బోర్లా వచ్చి గుమ్మానికి అడ్డంగా పడింది. ముగ్గురు వీరనారులూ అటు, మేము ఇటు, మధ్యలో బీరువా.

"ఎవరూ కదలొద్దు!" అంది బీరువా. "మీరు నా చేతికి చిక్కారు!"

బీరువా ఒకసారి అటూ ఇటూ ఊగింది.

"బాబ్బాబు, ఎవరైనా నన్ను వెల్లకిలా తిప్పండి."

ఎవరమూ తిప్పలేదు. హెడ్‌మిస్ట్రెస్ మేడం చీర కొంగు బిగించి బీరువాని దాటి లోపలికి వెళ్ళారు. నేలమీద తిండి చెల్లాచెదురుగా పడి ఉంది. ఆ అమ్మాయి గోడకానుకుని, విరిగిన బెంచీ ముక్కలా నిలబడి ఉంది. పాఠం కాగితం చేతిలో నలిగిపోయి ఉంది. అధ్యక్షురాలి కూతురు ఏడుపు మొదలుపెట్టింది. "ఊరికే ఆట పట్టించాం మేడం."

"ఆటో కాదో ఆ అమ్మాయిని అడుగుదాం" అన్నారు మేడం.

అందరం ఆ అమ్మాయివైపు చూశాం. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. వెనకనుంచి ఒక తండ్రి, "ఆట కాదనేగా తల్లీ?" అని అందించబోయాడు. అటెండరు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆగండి బాబూ. చెప్పనీండి."

చాలాసేపు పట్టింది. ఎవరో దగ్గారు. బీరువాలో కదలిక ఆగిపోయింది.

"ఆ-ఆట అయితే... నే-నేను కూడా న-నవ్వేదాన్ని కదా మేడం."

హెడ్‌మిస్ట్రెస్ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వంగి, నేలమీది డబ్బా తీసి ఆ అమ్మాయి చేతికిచ్చారు.

ఆ తర్వాత బీరువాని తిప్పి భూతద్దాన్ని బయటికి తీశారు. నుదుటిమీద నిమ్మకాయంత బొప్పి. ఆయన మొదటి ప్రశ్న, "సూర్యరశ్మి దొరికిందా?" రెండో ప్రశ్న ఆ అమ్మాయిని అడిగారు. "తాళం వేసిన గదిలోకి ఎలా వచ్చేదానివి? నిజం చెప్పు!"

"సా-సార్, మీరు తాళం వే-వేస్తారు. గొళ్ళెం పె-పెట్టరు."

వెళ్ళి చూశాం. తలుపు గొళ్ళెం ఒక పక్క ఊరికే వేలాడుతోంది. బీరువాలో దూరేముందు ఆయన అలవాటుగా వేసిన తాళం మాత్రం చట్రానికున్న కొంకికి భద్రంగా ఉంది. ఎన్నేళ్ళుగానో ఆయన కొంకికి కాపలా కాస్తున్నారు.

"అది వల" అన్నారు భూతద్దం. "కావాలనే పన్నాను."

మర్నాటినుంచి కొన్ని మారాయి. అధ్యక్షురాలు రాజీనామా చేసింది. 'ఆరోగ్య కారణాలు' అని రాసింది. ఎవరి ఆరోగ్యమో రాయలేదు. ఆ ముగ్గురినీ మూడు వేరు వేరు సెక్షన్లలో వేశారు. వారానికోసారి తల్లిదండ్రులతో కలిసి హెడ్‌మిస్ట్రెస్ ముందు కూర్చోవాలి. మొదటివారం ఆ కూతురు గది బయట నిలబడ్డ అటెండరు కళ్ళలోకి చూడలేక తలవంచుకునే నడిచింది. అతణ్ణి అందరిముందూ తిట్టిన తల్లి మాత్రం చూడగలిగింది. పెట్టె ఊడబీకేశారు. దాని బదులు టీచర్లు భోజనాల గదిలో పిల్లల మధ్యే కూర్చుని తినాలని ఆర్డరు వేశారు. అది టీచర్లకు పెట్టెకన్నా కష్టంగా ఉంది. కొందరైతే, మనల్ని ఎవరు కాపాడతారు అని వాపోయారు.

నేను లైబ్రరీ బోర్డు తీసేశాను. వెనక బల్ల తుడిచి, ఆ అమ్మాయి తరగతికి వెళ్ళి పిలిచాను. "ఆ రోజు నువ్వు చెప్పేది పూర్తిగా వినలేదమ్మా. నాది తప్పు" అన్నాను. పర్లేదు సార్ అంటుందని ఎదురుచూశాను. అనలేదు. నా మొహం చూసి, తల ఒకసారి ఊపి వెళ్ళిపోయింది. పర్లేదని ఎందుకనాలి?

కాని మూడో రోజున డబ్బా పట్టుకుని వచ్చింది. వారం తిరిగేసరికి పక్కన ఇంకో అమ్మాయి. నెల తిరిగేసరికి బల్ల చుట్టూ ఆరుగురు. అందులో ఒక్కరు కూడా అంతకు ముందు భోజనాల గదిలో స్థిమితంగా తిన్నవాళ్ళు కారు. వాళ్ళెవరూ మా లెక్కలో ఎప్పుడూ లేరు.

ఒకరోజు ఆ బల్ల దగ్గరికి భూతద్దం వచ్చారు. బొప్పి తగ్గింది, ఛాతీ తగ్గలేదు. 'అంతర్జాతీయ ముఠా గుట్టు రట్టు' అని కేసుని డైరీలో అప్పటికే మూసేశారు. చేతులు వెనక్కి కట్టుకుని ఆ అమ్మాయి ముందు నిలబడ్డారు.

"అమ్మాయీ, నా గొళ్ళెం సంగతి ఇన్నేళ్ళలో కనిపెట్టినదానివి నువ్వొక్కదానివే. నీలో చురుకుంది. నాలాంటి మేధావికి కుడిభుజం ఒకటి అవసరం. నాకు అసిస్టెంటుగా చేరతావా?"

పిల్లలందరూ తినడం ఆపారు. ఆ అమ్మాయి చెంచా కింద పెట్టింది.

"మీ... మీ... మీకు..."

"నాకు? జేజేలా? కృతజ్ఞతలా?"

"ఆగండి" అన్నాను.

ఆమె ఊపిరి తీసుకుంది. తొందరపడలేదు.

"మీకు కా-కావలసింది అసిస్టెంటు కాదు సార్. డి... డి... డిటెక్టివ్."

బల్లంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా ఆ అమ్మాయే నవ్వింది. భూతద్దం కూడా పొట్ట పట్టుకుని మరీ నవ్వారు. నాలుగైదు క్షణాలయ్యాక అర్థమైంది కాబోలు, ఆపేశారు.